అందరూ మెచ్చుకున్న రాత్రే ఆయనకు నిద్ర పట్టలేదు: పండగ సినిమా, ఆత్మవిలువ, ఒక కేస్

ఈ కేసులో వయసు, వ్యాపారం, కుటుంబ వివరాలు కొన్ని మార్చాం. రాయడానికి కేసులోని మనిషి ఒప్పుకున్నారు. డిసెంబరు చివరి వారం నుంచి ముక్కనుమ దాటేదాకా గుంటూరు, విజయవాడల్లో కౌన్సెలింగ్‌కు ఒక రకం మనుషులు వస్తారు. ఇల్లంతా చుట్టాలతో కళకళలాడుతుంటుంది, వీళ్లు మాత్రం లోలోపల కుంగిపోతుంటారు. అలాంటివాళ్లను "నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్లం" అని పొగిడితే ఎందుకు ఎదురు తిరుగుతుందో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది. అందుకే రాస్తున్నాం.

నేపథ్యం

యాభై దాటిన మనిషి. గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్ద. తండ్రి ఆరోగ్యం చెడినప్పుడు డిగ్రీ మధ్యలో ఆపేసి దుకాణంలో కూర్చున్నారు. తమ్ముళ్ల చదువులు, చెల్లెలి పెళ్లి ఆయన చేతుల మీదుగానే జరిగాయి. ఒక తమ్ముడు అమెరికాలో, ఇంకో తమ్ముడు విజయవాడలో స్థిరపడ్డారు.

రైతుకు పెట్టుబడి ఇవ్వడం, మిర్చి టిక్కీలు (బస్తాలు) మార్కెట్ యార్డుకొస్తే అమ్మిపెట్టి కమీషన్ పట్టుకోవడం, రేటు లేకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టించడం, ఇదీ ఆయన పని. వరసగా రెండు సీజన్లు రేటు పడిపోయేసరికి ఇచ్చిన అడ్వాన్సులు మొండిబాకీలయ్యాయి. తాను తెచ్చిన అప్పులకు మాత్రం వడ్డీ ఆగలేదు. ఇవి చాలవన్నట్టు బంధువుల కోసం పెట్టిన హామీ సంతకాలు కొన్ని.

మానసిక చికిత్స ఇదివరకు ఎప్పుడూ తీసుకోలేదు. మద్యం అలవాటు లేదు. తండ్రి కొన్నేళ్లుగా మంచం మీదే ఉన్నారు. ఆయనకు ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం ఈయన ఎవరికీ వదలరు. ఈ ఆఖరి వివరం మొదటి రోజు కేసు షీటులో ఒక లైనుగానే ఉంది. తర్వాత చికిత్స అంతా దాని మీదే నిలబడింది.

ఏ సమస్యతో వచ్చారు

తీసుకొచ్చింది భార్య. డిసెంబరు చివర్లో అమెరికా తమ్ముడి కుటుంబం సెలవులకొచ్చింది. అందరూ విజయవాడ తమ్ముడి ఫ్లాట్‌లో చేరారు. పిల్లలు ప్రతి క్రిస్మస్‌కూ చూసే సినిమా ఒకటి టీవీలో పెట్టారు. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’, 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన నలుపు తెలుపు చిత్రం. (విడుదలైనప్పుడు దానికి పెట్టుబడే రాలేదు. 1974లో కాపీరైట్ రెన్యువల్ కాకపోవడంతో అమెరికా టీవీ చానళ్లు డిసెంబరులో వేసి వేసి దాన్ని పండగ సినిమాని చేశాయి.)

కేసు అర్థం కావాలంటే కథ కాస్త తెలియాలి. జార్జ్ బెయిలీకి ఊరొదిలి ప్రపంచమంతా తిరగాలని ఆశ. తండ్రి పోవడంతో, మామూలు జనానికి ఇళ్ల అప్పులిచ్చే చిన్న సంస్థ అతని నెత్తిన పడుతుంది. చదువుకని దాచుకున్న డబ్బు తమ్ముడికి ఇచ్చేస్తాడు. ఏళ్లు గడిచాక, క్రిస్మస్ ముందురోజు బాబాయి చేతిలోంచి సంస్థ డబ్బు 8,000 డాలర్లు పోతుంది. జార్జ్ చావాలనుకుంటాడు. ఒక దేవదూత అడ్డుపడి, అతను పుట్టకపోయుంటే ఊరు ఎలా ఉండేదో చూపిస్తాడు. చివర్లో ఊరంతా డబ్బు పట్టుకుని అతనింటికి వస్తుంది.

సినిమా అయ్యాక ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "అచ్చం మన అన్నయ్యే." మరదలు కళ్లు తుడుచుకుంది. తమ్ముడు లేచొచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆ రాత్రి నుంచే ఈయనకు నిద్ర తగ్గింది. సంక్రాంతికి అందరూ కలిసి హాల్లో చూసిన తెలుగు సినిమాలోనూ పెద్దన్నయ్య త్యాగమే కథ; ఇంటర్వెల్‌లో బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లలేదు. ముక్కనుమ నాడు తెల్లవారుజామున భార్య లేచి చూస్తే మంచం మీద జీవిత బీమా పాలసీ కాగితాలు పరిచి ఉన్నాయి, ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి ఉంది. "ఏంటండీ ఇది?" అంటే "ఏం లేదు, లెక్క చూసుకుంటున్నా" అన్నారట.

మొదటి రోజు నిర్ణయాలు

పాలసీ కాగితాల మాట వినగానే ఆత్మవిలువ సంగతి పక్కకు పెట్టాలి. ముందు ప్రాణం. భార్యను బయట కూర్చోబెట్టి నేరుగా అడగాలి: "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎలా అన్నది అనుకున్నారా? ఎప్పుడు అన్నది అనుకున్నారా? ఇదివరకు ప్రయత్నించారా?" ఈ వరస తప్పకూడదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు, అడిగేసరికి ఎదుటి మనిషికి ఊపిరి ఆడుతుంది. ఈయన జవాబు: "పోతే బాగుండు అనిపిస్తోందండీ. పోవాలని ఏం అనుకోలేదు. కాకపోతే ఉన్నదానికన్నా పోతేనే ఇంటికి ఎక్కువొస్తుందని లెక్క తేలింది." పథకం లేదు, ఉద్దేశం లేదు, గత ప్రయత్నం లేదు. పీహెచ్‌క్యూ-9లో (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) 27కి 17 వచ్చింది. 15 నుంచి 19 దాకా ఉంటే ఓ మాదిరికి మించిన డిప్రెషన్ అని లెక్క. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించే. మొత్తం ఎంతొచ్చినా దానికి సున్నా కాని జవాబు వస్తే విడిగా మాట్లాడి తీరాలి.

ఆసుపత్రిలో చేర్చకుండా ఇంటి దగ్గరే ఉంచి చూడొచ్చని నిర్ణయించడానికి ఆధారాలు మూడు: పథకం లేకపోవడం, భార్య ఎప్పుడూ పక్కనే ఉండటం, వారంలో రెండుసార్లు రావడానికి ఆయన ఒప్పుకోవడం. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా నిర్ణయం వేరుగా ఉండేది. అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపాం. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. ఆ మందు పని కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, ఈ లోపు బాగోలేదని మానేయొద్దని ఆయనకూ భార్యకూ విడివిడిగా చెప్పాల్సొచ్చింది.

భద్రతా పథకం ఒక్క కాగితం మీద, తెలుగులో, ఆయన చేతిరాతతోనే రాయించాం. ముదిరే ముందు కనిపించే గుర్తులు (ఈయన విషయంలో కాలిక్యులేటర్ తెరవడమే), ఒంటరిగా ఉన్నప్పుడు చేయగలిగినవి, వెళ్లి కూర్చోగల చోట్లు, ఫోన్ చేయగల ఇద్దరు మనుషులు, డాక్టర్ నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఇల్లు సురక్షితం చేసుకోవడం. ఈ ప్రాంతంలో చివరి అంశం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మిర్చి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు గోడౌన్‌లోనో వసారాలోనో ఉంటాయి. "జాగ్రత్తగా పెట్టండి" అంటే సరిపోదు. డబ్బాలన్నీ పొలం దగ్గరి షెడ్డుకు చేర్చి, తాళం వేసి, తాళంచెవి బావమరిది దగ్గర ఉంచారు. ఆ పని అయిందని భార్య ఫోన్ చేసి చెప్పేదాకా ఆ అంశం పక్కన టిక్ పెట్టలేదు.

ఇంట్లోవాళ్లు చేసి చూసినవి

దుర్గమ్మ దర్శనం చేయించారు. కాస్త తెరిపినపడ్డారు, ఇంటికొచ్చాక మామూలే. తమ్ముళ్లు ఫోన్ చేసి పొగిడారు. అమెరికా తమ్ముడు అప్పులన్నీ తానే తీర్చేస్తానన్నాడు. ఆ మాట విన్న రోజు ఆయన అన్నం ముట్టలేదు. భార్యకు ఇది బొత్తిగా అర్థం కాలేదు: "సాయం చేస్తానన్నా బాధేనా అండీ?"

బాధే మరి. ముప్పై ఏళ్లుగా ఇచ్చే చెయ్యిగానే తనను తాను గుర్తుపట్టిన మనిషికి, చెయ్యి చాచాల్సి రావడం అంటే తానంటూ ఇక మిగలకపోవడమే. ఏ షరతు మీద ప్రేమ దొరికితే ఆ షరతునే మనిషి తన విలువగా మోస్తాడని మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ చెప్పింది ఈ ఇంటికి అక్షరాలా సరిపోతుంది. ఆయన నియమం ఆయన మాటల్లోనే: "పదిమందికి పనికొస్తేనే మనిషి. లేకపోతే తిండి దండగ." వ్యాపారం నడిచినంతకాలం ఈ నియమం ఆయన్ని నిలబెట్టింది. వ్యాపారం పడిపోయాక అదే నియమం ఆయన మీదికి తిరిగింది. పైగా పండగంటే తమ్ముళ్లు చేతినిండా తెచ్చే కాలం, తన చెయ్యి ఖాళీ అని తెలిసే కాలం. డిసెంబరు నుంచి జనవరి దాకా దిగులు పడటం అంతకుముందు రెండేళ్లూ ఉందని భార్య గుర్తుచేసుకున్నారు.

పని చేయనిది

సినిమాలో దేవదూత చేసిన పనే కౌన్సెలింగ్‌లోనూ చేయించాలని ఎవరికైనా అనిపిస్తుంది: మీ వల్ల బాగుపడ్డవాళ్ల పేర్లు రాయండి. ఆత్మవిలువ తగ్గినవాళ్లకు మామూలుగా ఇచ్చే హోంవర్కే ఇది. నిద్ర కాస్త కుదిరాక ఇచ్చాం. ఆయన తెచ్చిన కాగితం చూస్తే ఎందుకు పని చేయదో తెలిసిపోతుంది. పొడుగాటి ఖాతా పుస్తకంలోంచి చింపిన పేజీ. ఎడమవైపు పేర్లు, పక్కన సంవత్సరం, దాని పక్కన రూపాయలు. చెల్లెలి పెళ్లి, తమ్ముడి కాలేజీ కౌన్సెలింగ్ ఫీజు, ఫలానా రైతు గొడ్ల కోసం ఇచ్చింది. నాలుగో గడి కూడా ఉంది: "తిరిగి వచ్చిందా". చివర గీత కొట్టి, ఈ ఏడాది తాను ఇచ్చింది సున్నా అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.

ఆయన వృత్తిలో చిట్టా, ఆవర్జా (రోజువారీ లెక్క, ఖాతాల పుస్తకం) అంటే అదే. పాత జమలు ఎన్నున్నా ఈ ఏటి నిల్వే లెక్క. మనం ఇచ్చిన హోంవర్క్ ఆయన నియమాన్ని కదిలించకపోగా దానికి లెక్కల పుస్తకం తయారుచేసిపెట్టింది. "పనికొచ్చావు కాబట్టి విలువ ఉంది" అని రుజువు చేస్తే, "పనికిరానప్పుడు లేదు" అన్నది కూడా దాంతోపాటే రుజువవుతుంది. ఇంట్లోవాళ్ల పొగడ్త ఎదురు తిరిగిందీ ఇందుకే. "అచ్చం అన్నయ్యే" అన్నప్పుడు వాళ్లు మెచ్చుకుంది నిన్నటి మనిషిని. సినిమా చివర్లో ఊరంతా డబ్బు తేవడం ఆయనకు ఓదార్పు కాలేదు, పరీక్షలా తోచింది: "అతని కోసం ఊరొచ్చిందండీ. నా బాకీలున్న రైతుల్లో ఎంతమందొస్తారు?"

"మీరు పుట్టకపోయుంటే" అన్న ప్రశ్న మాత్రం అసలు వేయలేదు. అది తెలిసి తీసుకున్న నిర్ణయం. చావు ఆలోచనలున్న మనిషిని తాను లేని లోకం ఊహించమనడం అంటే, రాత్రిపూట ఆయన చేస్తున్న పనినే పగలు మన ముందు చేయించడం. డిప్రెషన్‌లో ఉన్న మనసు తన జాగాలో ఇంకొకర్ని ఇట్టే కూర్చోబెట్టేస్తుంది: "నేను కాకపోతే ఇంకెవరో చూసేవాడు." ఈ సినిమా పేరు మీదే 2008లో వచ్చిన మనస్తత్వ పరిశోధన ఒకటి ఉంది. మంచి సంఘటన ఒకటి జరగకుండా ఎలా పోయి ఉండేదో ఊహిస్తే మనసు తేలికపడుతుందని అందులో తేలింది. అక్కడ తీసేసింది సంఘటనను, మనిషిని కాదు. ఈ తేడా చూసుకోకుండా వాడితే ప్రమాదం.

పని చేసింది

మొదటి వారాలు సాదా పనులే: ఒకే వేళకు లేవడం, పొద్దున నడక, యార్డుకు రోజూ రెండు గంటలు మాత్రమే. అప్పుల సంగతి ఆలోచనల చికిత్సతో తేలేది కాదు. వడ్డీ నిజం, బాకీ నిజం. వాటిని "ప్రతికూల ఆలోచనలు" అనడం మనిషిని అవమానించడమే. ఆడిటర్ దగ్గర కూర్చుని ఎవరికెంత, ఏ వడ్డీకి, ఏది ముందు అని ఒక పట్టిక వేయించుకున్నారు. రాతలో చూసుకున్నాక, మనసులో మోస్తున్న మొత్తం కన్నా అసలు మొత్తం తక్కువని తేలింది.

తర్వాత మళ్లీ సినిమా దగ్గరికే వచ్చాం. ఈసారి ఆఖరి సన్నివేశం జోలికి పోలేదు. నిద్ర కుదిరి, తొమ్మిదో ప్రశ్నకు సున్నా వస్తున్నాకే రెండు ముక్కలు ఎంచి పగటిపూట సెషన్‌లో చూపించాం.

మొదటిది జార్జ్ డబ్బు కోసం పాటర్ అనే ధనవంతుడి దగ్గరికి వెళ్లే సన్నివేశం. తాకట్టు ఏముందని పాటర్ అడిగితే జార్జ్ తన పాలసీ చూపిస్తాడు. పాలసీ విలువ 15,000 డాలర్లు, ఇప్పటికిప్పుడు చేతికొచ్చేది 500. బతికున్నదానికన్నా చస్తేనే నీ విలువెక్కువ అంటాడు పాటర్. సరెండర్ వాల్యూ (పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే డబ్బు) అంటే ఏంటో ఈయనకు వివరించక్కర్లేదు. వీడియో అక్కడ ఆపి ఒకే ప్రశ్న: "ఈ లెక్క సినిమాలో ఎవరు వేశారు?" కాసేపాగి ఆయనే అన్నారు: "ఆ ముసలోడు. ఊరు మింగేద్దామని చూసేవాడు." ముక్కనుమ తెల్లవారుజామున మంచం మీద పరిచిన లెక్క కథలోకెల్లా దుర్మార్గుడి నోట ఉంది. ఆ లెక్క అబద్ధమని వాదించాల్సిన అవసరం రాలేదు. అది ఎవరి లెక్కో తెలిస్తే చాలింది.

రెండోది ఇంటి సన్నివేశం. జార్జ్ ఆ రాత్రి ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తాడు, కూతురి టీచరును ఫోన్‌లో తిడతాడు, తాను ఒకప్పుడు కట్టాలనుకున్న వంతెనల నమూనాలు తన్నిపడేస్తాడు. కుటుంబం ఆయన్ని జార్జ్‌తో పోల్చినప్పుడు త్యాగమే చూసింది, ఈ కోపం చూడలేదు. మన పండగ సినిమాల్లో పెద్దన్నయ్యకు ఈ కోపం దాదాపు ఉండదు. ఉన్నా తమ్ముడు కాళ్ల మీద పడేసరికి కరిగిపోతుంది. "చదువు ఆపినందుకు నాకు కోపముందని ఎప్పుడూ అనలేదండీ. అంటే చేసిందంతా పోతుందేమో అని," అన్నారు. చేసిన మంచి, దాని మీది కోపం రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఒప్పుకోవడానికి కొన్ని సెషన్లు పట్టాయి.

అసలు మలుపు మాత్రం తండ్రి దగ్గర వచ్చింది. ఆయన నియమాన్ని ఆయన ప్రేమించే మనిషికి వర్తింపజేసి చూడమన్నాం: "నాన్నగారు కొన్నేళ్లుగా ఎవరికీ పనికిరావడం లేదు కదా. ఆయన పేజీలో ఈ ఏడాది జమ ఎంత రాస్తారు?" ఈ ప్రశ్న మొరటుగానే ఉంటుంది. నమ్మకం కుదిరాక తప్ప వేయకూడదు. ఆయన ముఖం ఎర్రబడింది. "నాన్నకు లెక్కేంటండీ!" అన్నారు. అదే వాక్యాన్ని కాగితం మీద రాయించి, "నాన్నకు" అన్న మాట తీసేసి ఆ జాగాలో "నాకు" అని రాయమంటే కలం చాలాసేపు ఆగింది. రాయలేకపోయారు. రాయమని బలవంతం చేయలేదు. ఎంత నమ్మకంగా రాయగలరో సున్నా నుంచి వంద దాకా అంకె వేయమంటే పది అన్నారు. తర్వాతి పనంతా ఆ పదిని పెంచడమే.

మాటలతో పెరగదది, చేసి చూడాలి. తీసుకోవడం నేర్పే చిన్న ప్రయోగాలు పెట్టాం: యార్డులో టీ డబ్బులు ఇంకొకరిని ఇవ్వనివ్వడం, తండ్రి మందుల బిల్లు విజయవాడ తమ్ముణ్ణి కట్టనివ్వడం, హామీ సంతకం అడిగితే ఒకసారి కాదనడం. ప్రతిదానికీ ముందుగా ఏం జరుగుతుందనుకుంటున్నారో రాయాలి, తర్వాత ఏం జరిగిందో రాయాలి. మొదట్లో ఒక కిటుకు ప్రయోగాన్ని పాడుచేసింది. టీ తాగిన సాయంత్రానికే ఆయన రెండింతలు పెట్టి అందరికీ బజ్జీలు తెప్పించేవారు. లెక్క సరిచేసేస్తే ప్రయోగం జరగనట్టే. అందుకని వారం దాకా ఏ రూపంలోనూ తిరిగి ఇవ్వకూడదని షరతు చేర్చాం. ఆ వారం చాలా ఇబ్బందిపడ్డారు. "చులకనగా చూస్తారు" అని ముందు రాసుకున్న జోస్యం ఒక్కసారి కూడా నిజం కాలేదు. తమ్ముడైతే బిల్లు కట్టాక తండ్రిని చూడ్డానికి ఎక్కువసార్లు రావడం మొదలుపెట్టాడు.

అప్పుల గురించి అమెరికా తమ్ముడితో మాట్లాడటం చివరికి పెట్టుకున్నాం. అన్నీ తీర్చడం కాదు. ఆడిటర్ పట్టికలో ఎక్కువ వడ్డీ ఉన్న ఒకే ఒక అప్పు, ఫలానా మొత్తం, అని ఆయనే అడగాలి. ఏం మాట్లాడాలో రెండుసార్లు సాధన చేయించాం. "నువ్విచ్చి తీరాలని కాదురా, అడుగుతున్నానంతే" అన్న వాక్యం ఆయన సొంతం.

వేసవి ముగిసేసరికి పీహెచ్‌క్యూ-9 ఆరుకు దిగింది. ఎంతకాలం వాడాలన్నది సైకియాట్రిస్టుకే వదిలేసి మందు కొనసాగించారు.

మరుసటి డిసెంబరు

పండగకు తిరగబెడుతుందని తెలుసు కాబట్టి డిసెంబరు రెండో వారంలోనే ఒక సెషన్ పెట్టాం. పిల్లలు ఆ సినిమా మళ్లీ పెడతారు, తప్పించుకోమనలేదు. రాత్రి తొమ్మిది దాటాక చూడకూడదు, పక్కన భార్య ఉండాలి, అయ్యాక ఎవరైనా "అచ్చం అన్నయ్యే" అంటే నవ్వి ఊరుకోకుండా "ఆ కోపం కూడా నాదే" అనాలి. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు తమ్ముళ్లిద్దరూ ఏమనాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారని భార్య చెప్పారు.

‘అది జరగకపోయుంటే’ అన్న తీసివేత ఊహను కూడా అప్పుడే వాడాం, సరైన రూపంలో: తనను కాదు, ఒక సంఘటనను. పెళ్లిచూపుల రోజు బస్సు తప్పిపోయి ఉంటే? ఫలానా రైతు ఆ ఏడాది వేరే కొట్టుకు వెళ్లి ఉంటే? ఒక్కో దాని మీద పావుగంట రాయడం. ఈ రాతలో ఆయన ఇచ్చినవాటికన్నా ఆయనకు దొరికినవే ఎక్కువ కనిపించాయి. ఆయన ఖాతా పుస్తకంలో వాటికెప్పుడూ గడి లేదు.

ఆ సంక్రాంతికి దిగులు వచ్చింది, నిద్ర నాలుగైదు రాత్రులు చెడింది, చావు ఆలోచన రాలేదు. "నాకు లెక్కేంటి" అన్న వాక్యానికి అంకె అరవై దగ్గర ఆగింది. హామీ సంతకాల అలవాటు పూర్తిగా పోలేదు. ఆ మధ్య మేనల్లుడికి ఒకటి పెట్టి, పెట్టాక ఫోన్ చేసి చెప్పారు. ఇప్పుడు దాని మీదే పని నడుస్తోంది: సంతకం అడిగినవాళ్లకు రెండు రోజుల గడువు చెప్పడం, ఆ రెండు రోజుల్లో భార్యతో మాట్లాడటం, ఆడిటర్ పట్టికలో ఆ మొత్తం వేసి చూసుకోవడం.

పండగ రోజుల్లో కేసు తీసుకునే కౌన్సెలర్లకు పనికొచ్చేది ఒకటుంది. మామూలు ప్రశ్నల తర్వాత "ఈ పండక్కి ఇంట్లో ఏ సినిమా చూశారు? చూసేటప్పుడు మీ గురించి ఎవరేమన్నారు?" అని అడగండి. సినిమా నచ్చిందా లేదా అని అడిగితే ఏమీ బయటికి రాదు. ఎవరితో పోల్చారు, ఏ సన్నివేశం దగ్గర లేచి బయటికెళ్లారు, ఆ రాత్రి ఏం చేశారు, ఈ వరసలో అడిగితే చాలాసార్లు నాలుగు నిమిషాల్లోనే ఆ మనిషి తన విలువకు పెట్టుకున్న నియమం బయటపడుతుంది. అందులో బీమా, అప్పు, "నేను పోతే" అన్న మాటల్లో ఏది దొర్లినా సినిమా సంగతి అక్కడే ఆపి, పైన రాసిన ప్రశ్నల వరసకు వెళ్లాలి.